చార్టు వెనక మనిషి: హెన్రీ గాంట్

ఏ బ్రాంచి వాళ్ళదైనా ఒక ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రిపోర్టు తీసి చూడండి. సర్టిఫికెట్టు, అక్నాలెడ్జ్‌మెంటు, అబ్‌స్ట్రాక్టు దాటాక ఎక్కడో ఒక చోట నీలం రంగు పట్టీలతో ఒక బొమ్మ ఉంటుంది. ఎడమ పక్కన పనుల పేర్లు, పైన నెలలు, మధ్యలో మెట్లు దిగుతున్నట్టు పట్టీలు. కింద గాంట్ చార్ట్ అని రాసి ఉంటుంది. సీనియర్ల రిపోర్టులోంచి మనకీ, మన రిపోర్టులోంచి జూనియర్లకీ అది అలా నడిచి వెళ్తూనే ఉంటుంది. నెలలు మారతాయి, పట్టీలు మారవు.

ఇప్పుడు బొమ్మ గీయడానికి టూల్సుకి కొదవ లేదు. బాక్సులు, బాణాలు బ్రౌజర్లోనే లాగి పడేస్తాం. ఏ సర్వర్ ఏ డేటాబేసుతో మాట్లాడుతుందో, ఏ మాడ్యూలు ఎవరి చేతిలో ఉందో, ఏ పని ఎప్పటికి అవ్వాలో అన్నీ ఒకే బోర్డు మీద పెట్టి, నలుగురం నాలుగు ఊళ్ళ నుంచి ఒకేసారి దిద్దుతాం. పెద్ద కంపెనీల్లో ఆర్కిటెక్చర్ టీములు చేసేదీ ఇదే, కాకపోతే బాక్సులు వేలల్లో ఉంటాయి. ఇంత పనికీ మూలంలో ఉన్న ఆలోచన చిన్నదే: అందరూ కలిసి చేసే పని అందరి కళ్ళకీ ఒకేలా కనబడాలి. ఆ ఆలోచన కోసం బతుకంతా వెచ్చించిన వాళ్ళలో హెన్రీ లారెన్స్ గాంట్ ఒకరు. పేరు మనందరికీ తెలుసు, మనిషి మాత్రం తెలీదు. నేను ఆయన జీవితం చదవడం మొదలుపెట్టింది కుతూహలంతోనే. చదివాక మాత్రం ఆ నీలం పట్టీల్ని మునుపటిలా చూడలేకపోతున్నాను. ఎందుకో చెప్పాలంటే కథ మొదట్నుంచీ చెప్పాలి.

గాంట్ 1861 మే 20న అమెరికాలో, మేరీల్యాండ్ రాష్ట్రం కాల్వర్ట్ కౌంటీలో పుట్టారు. అది పొగాకు పండే నేల. నాన్న వర్జిల్ గాంట్ భూస్వామి. కలిగిన కుటుంబం. ఆ కలిమి వెనక ఉన్నది బానిసల చాకిరీ. ఆ ఇంట్లో బానిసలు ఉండేవారన్నది దాచిపెట్టేంత చిన్న విషయం కాదు, ఈ కథలో మళ్ళీ అవసరం పడుతుంది కూడా. పిల్లాడు పుట్టడానికి నెల ముందే అంతర్యుద్ధం మొదలైంది. 1864 నవంబరులో మేరీల్యాండ్ బానిసత్వాన్ని రద్దు చేసింది. యుద్ధం ముగిసేసరికి గాంట్ కుటుంబం చితికిపోయింది. ఊహ తెలిసేనాటికి ఆ పిల్లాడికి మిగిలింది పెద్దింటి పేరూ, లేమీ.

చదువు సాగింది మెక్‌డొనో స్కూల్లో. బాల్టిమోర్ దగ్గర 1873లో మొదలైన బడి అది. పేద పిల్లల కోసం పెట్టింది. చదువుతో పాటు పొలం పని కూడా చేయించేవారు. పొద్దున్నే లేవడం, చెప్పిన పని చెప్పిన టైముకి చేయడం అక్కడ అలవాటైంది. 1878లో అక్కడ పాసై, అప్పటికి కొత్తగా పెట్టిన జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో చేరి, 1880లో డిగ్రీ పుచ్చుకున్నారు. అంటే పందొమ్మిదేళ్ళకే. తర్వాత మూడేళ్ళు తను చదివిన బడిలోనే సైన్సు, మెకానిక్స్ పాఠాలు చెప్పారు. ఆ తర్వాత న్యూజెర్సీలో స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరి 1884లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నారు. బాల్టిమోర్‌లో ఒక ఇనుప ఫౌండ్రీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం చేశారు. మళ్ళీ కొన్నాళ్ళు పంతులుగా వెళ్ళారు. ఈ పంతులుతనం ఆయన్ని చివరిదాకా వదల్లేదని నాకనిపిస్తుంది. ఫ్యాక్టరీలో మనిషి పని సరిగ్గా చేయలేకపోతే ముందు అడగాల్సింది వాడికి నేర్పారా లేదా అనే అన్నది ఆయన పట్టు.

1887లో ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ స్టీల్ కంపెనీలో చేరారు. అక్కడ దొరికిన పెద్ద మనిషి ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్. మేనేజ్‌మెంట్ సబ్జెక్టులో సైంటిఫిక్ మేనేజ్‌మెంట్ అని ఒక యూనిట్ ఉంటుంది కదా, ఆ టేలరే. ఆయన కూడా స్టీవెన్స్‌లోనే చదివారు. స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచిన మనిషి. గాంట్ ఆయనకి అసిస్టెంటయ్యారు. ఇద్దరూ కలిసి పేటెంట్లు కూడా తీసుకున్నారు. 1899లో టేలర్ పిలిస్తే బెత్లెహామ్ స్టీల్‌కి వెళ్ళారు. లోహాన్ని కోసే మెషీన్ ఎంత వేగంతో తిరగాలి, ఎంత లోతు కోయాలి లాంటి లెక్కలు క్షణాల్లో తేల్చే స్లైడ్ రూళ్ళ పనిలో కార్ల్ బార్త్ అనే గణితజ్ఞుడితో పాటు గాంట్ చెయ్యి కూడా ఉంది.

గురువుకీ శిష్యుడికీ తేడా కనబడడం మొదలైంది అక్కడే. టేలర్ పద్ధతిలో రోజుకి ఇన్ని ముక్కలని కోటా ఉంటుంది. అందుకున్నవాడికి ముక్కకి ఎక్కువ రేటు, అందుకోలేనివాడికి మొత్తం తక్కువ రేటు. అంటే కొత్తగా చేరినవాడు నేర్చుకునేలోపే కడుపు మాడాలి. 1901లో గాంట్ వేరే పద్ధతి పెట్టారు. పని పూర్తయినా కాకపోయినా రోజు కూలి ఖాయం. నిర్ణయించిన టైములో పూర్తి చేస్తే దాని మీద బోనస్. ఇంతే అయితే పెద్ద విశేషం లేదు. ఫోర్‌మన్‌కి కూడా బోనస్ పెట్టారు. తన కింద ఎంతమంది బోనస్ అందుకుంటే అతనికి అంత. ఒక్కరు కూడా మిగలకుండా అందరూ అందుకుంటే ఇంకొంచెం ఎక్కువ. దాంతో అరిచే ఫోర్‌మన్ నేర్పే ఫోర్‌మన్ అవ్వాల్సి వచ్చింది. వెనకబడ్డవాడిని తిట్టడం కంటే వాడి పక్కన నిలబడి చూపించడమే లాభం మరి. టీమ్ లీడుకి మార్కులు టీములో అందరికంటే బలహీనంగా ఉన్నవాడు ఎంత ముందుకొచ్చాడన్న దాన్ని బట్టి వేస్తే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

ఈ పద్ధతికి పెట్టిన పేరు టాస్క్ అండ్ బోనస్. ఈ రోజు మనం ప్రతి యాప్‌లో టాస్క్ అన్న మాట వాడేస్తున్నాం. ఆ రోజుల్లో ఆ మాటకి ఒక వాసన ఉండేది. అమెరికా దక్షిణాదిలో బానిసలకి పొద్దున్నే పంచే పని వాటాని టాస్క్ అనేవారు. గాంట్ పుట్టిపెరిగింది అలాంటి ఇంట్లోనే. ఆయన ఈ సంగతి తెలియనట్టు నటించలేదు. ఆ మాట వెనక బలవంతపు చాకిరీ చరిత్ర ఉందని తన పుస్తకంలో ఒప్పుకున్నారు, ఆ కాలం పోతోందనీ రాశారు. కానీ మాట మార్చలేదు. పనివాడికి శ్రమించే అలవాటు నేర్పాలి అని 1908లో చదివిన పేపర్లో ఆయన వాదన మంచి మనసుతోనే ఉంది, కానీ అందులో పైనుంచి కిందకి చూసే చూపు కూడా ఉంది. పనివాడికి ఏది మంచిదో ఇంజనీరుకే తెలుసన్న ధీమా అది. ఆయన్ని ఇష్టపడుతూనే ఈ మాట చెప్పాలి.

ఇక బొమ్మల సంగతి. 1902 నుంచి గాంట్ సొంతంగా కన్సల్టెంటయ్యారు. రైలింజన్లు, బట్టలు, టైప్‌రైటర్లు తయారు చేసే ఫ్యాక్టరీలు, ఇలా ఎన్నో తిరిగారు. ఎక్కడికెళ్ళినా ఒకటే రోగం. ఆర్డరు ఎక్కడిదాకా వచ్చిందో ఎవరికీ తెలీదు. రైలింజన్ అంటే వేల భాగాలు. ఒక్క కాస్టింగ్ రాకపోతే మిగతావన్నీ రెడీగా ఉన్నా ఇంజన్ కదలదు. లెక్కలు ఉంటాయి, కానీ అవి నెలాఖరుకి తేలతాయి. అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. 1903లో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు గాంట్ ఒక పేపర్ చదివారు. ఉత్పత్తిలో రోజువారీ నిల్వని బొమ్మ రూపంలో చూపడం దాని విషయం. అందులో ఇప్పటి పట్టీలు లేవు. అది అంకెల పట్టికకి ఎక్కువ, బొమ్మకి తక్కువ. కానీ ఏ రోజుకి ఏది ఎంత అవ్వాలి, ఎంత అయింది అన్నవి పక్కపక్కన పెట్టడం అక్కడ మొదలైంది. పనిని చూడ్డానికి నెలాఖరు దాకా ఆగక్కర్లేదు, ఇవాళ సాయంత్రమే చూడొచ్చు.

మనకి తెలిసిన పేరున్న చార్టు రూపు దిద్దుకుంది 1910 తర్వాత. ఇక్కడ ఒక నిమిషం ఆగి, దాని లోపలి పనితనం చూడాలి. ఎందుకంటే మనం రిపోర్టుల్లో గీసేది గాంట్ గీసింది కాదు.

మన చార్టులో పట్టీ పొడుగు అంటే టైము మాత్రమే. ఆయన చార్టులో ఒక్కో గడికి రెండు అర్థాలు. గడి అంటే ఒక రోజు, ఆ రోజు అవ్వాల్సిన పని కూడా. సోమవారం 100 ముక్కలు చేయాలనుకుంటే ఆ గడి మొత్తం వెడల్పు 100 ముక్కలు. బుధవారానికి ప్లాన్ 200 అయితే అదే వెడల్పు 200 ముక్కలు. రోజు అయ్యాక ఆ గడిలో సన్న గీత గీస్తారు. 100కి 80 చేస్తే గీత గడిలో 80 శాతం దాకా వచ్చి ఆగుతుంది. మిగిలిన ఖాళీయే ఆ రోజు లోటు. దాని కింద ఒక లావు గీత. అది మొదటి రోజు నుంచి చేసిందంతా కలిపిన మొత్తం.

ఉదాహరణకి రోజుకి 100 ప్లాన్ అనుకుందాం. సోమవారం 80, మంగళవారం 60, బుధవారం 100 చేశారు. మొత్తం 240. లావు గీత సోమ, మంగళ గడులు నింపి, బుధవారం గడిలో 40 శాతం దగ్గర ఆగుతుంది. ఈ రోజు బుధవారం సాయంత్రం అని పైన ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తుకీ లావు గీత కొసకీ మధ్య ఎంత ఎడం ఉందో అంత వెనకబడ్డాం. అంటే 60 ముక్కలు, రోజులో 60 శాతం. లెక్కలు రానివాళ్ళకి కూడా అర్థమవుతుంది. యాభై ఆర్డర్లు ఒకదాని కింద ఒకటి గీసినా, ఏది వెనకబడిందో కళ్ళు వాటంతట అవే పట్టేసుకుంటాయి.

నన్ను అన్నిటికంటే ఆపేసింది ఆ గడిలో మిగిలిన ఖాళీ. గాంట్ ఆ ఖాళీని ఖాళీగా వదల్లేదు. అక్కడ ఒక అక్షరం వేయించారు. కారణం తెలిపే అక్షరం. మెటీరియల్ సరిగ్గా అందకపోతే ఎం. టూల్స్‌తో ఇబ్బంది అయితే టీ. మెషీన్ రిపేరుకొస్తే ఆర్. మనిషి రాకపోతే ఏ. కొత్తవాడైతే జీ. సాయానికి మనిషి దొరక్కపోతే హెచ్. ఏం చేయాలో సరిగ్గా చెప్పకపోతే ఐ. ఇలా ఇంకొన్ని.

ఈ అక్షరాల జాబితా ఒకసారి మళ్ళీ చూడండి. మెటీరియల్ తెప్పించాల్సింది ఎవరు? టూల్స్, రిపేర్లు చూసుకోవాల్సింది ఎవరు? కొత్తవాడికి నేర్పాల్సింది, సూచనలివ్వాల్సింది ఎవరు? గీత పనివాడి పేరు పక్కన ఉంటుంది, అక్షరం మాత్రం ఎక్కువసార్లు పైవాళ్ళ వైపు వేలు చూపిస్తుంది. గాంట్ చివరికి చేరుకున్న చోటు ఇదే. ఏళ్ళ తరబడి చార్టులు గీసి గీసి, ఫ్యాక్టరీల్లో పని ఆగిపోవడానికి పనివాళ్ళ కంటే మేనేజర్లే ఎక్కువ కారణమన్న నిర్ణయానికి వచ్చారు. పనివాడి బద్ధకాన్ని కొలుద్దామని మొదలైన కొలబద్ద తిరిగి తిరిగి యాజమాన్యం మీదకి వచ్చి ఆగింది.

1915లో ఇంకో పేపర్ చదివారు, ఉత్పత్తికీ ఖర్చుకీ ఉన్న సంబంధం మీద. దాన్ని మన లెక్కలో చెప్తాను. ఒక ఫ్యాక్టరీకి నెలకి అద్దె, తరుగు అన్నీ కలిపి 1,000 రూపాయల స్థిర ఖర్చు ఉంది. 100 వస్తువులు చేయగలదు, కానీ 50 మాత్రమే చేసింది. మామూలు అకౌంటెంటు వస్తువుకి 20 రూపాయలు పడిందంటాడు. గాంట్ అది తప్పన్నారు. ఒక్కో వస్తువుకి నిజంగా అవసరమైంది 10 రూపాయలే. మిగిలిన 500 మెషీన్లు ఊరికే పడి ఉన్నందుకు అయిన నష్టం. దాన్ని వస్తువు మీద రుద్దొద్దు, వేరే వరసలో రాయండి, ఎందుకు ఊరికే ఉన్నాయో అడగండి అన్నారు. ఇప్పుడు క్లౌడ్ సర్వర్లు నెల బిల్లు మీద తీసుకుని సగం ఖాళీగా వదిలేసే రోజుల్లో ఈ మాట ఎంత తాజాగా ఉందో చూడండి. ఆర్కిటెక్చర్ డయాగ్రమ్‌లో సర్వర్ బాక్సులన్నీ ఒకే రంగులో మెరుస్తుంటాయి. వాటిలో ఏది పని చేస్తోందో, ఏది ఊరికే కూర్చుని తింటోందో ఆ బొమ్మ చెప్పదు. గాంట్ ఉంటే ముందు ఆ బాక్సులోనే గీత గీయమనేవారేమో.

ఆ తర్వాత ఆయన ఆలోచనలు ఫ్యాక్టరీ గోడలు దాటాయి. 1916లో కొందరు ఇంజనీర్లతో కలిసి న్యూ మెషీన్ అనే బృందం పెట్టారు. పరిశ్రమల పగ్గాలు డబ్బున్నవాడి చేతిలో కాదు, పని తెలిసినవాడి చేతిలో ఉండాలన్నది వాళ్ళ వాదం. అది ఎక్కువ కాలం నిలవలేదు. ఇంజనీర్లు రాజ్యమేలితే అన్నీ చక్కబడతాయన్న నమ్మకం నాకు కూడా అంతగా లేదు. మన హాస్టల్ మెస్ కమిటీని చూశాక ఎవరికీ ఉండదు. కానీ లాభం కోసం పరిశ్రమ కాదు, సమాజానికి సేవ చేస్తేనే పరిశ్రమకి లాభం అడిగే హక్కు అన్న ఆయన మాట వెనక నిజాయితీ ఉంది.

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. సైన్యానికి ఆయుధాలు సమకూర్చే ఆర్డినెన్స్ విభాగానికి అధిపతి జనరల్ విలియం క్రోజియర్. ఈయనకీ ఒక కథ ఉంది. టేలర్ పద్ధతిని సైనిక కర్మాగారాల్లోకి తెచ్చింది ఈయనే. దాన్ని తట్టుకోలేక 1911లో వాటర్‌టౌన్ ఆర్సెనల్ మోల్డర్లు స్టాప్‌వాచ్ మీద తిరగబడి సమ్మె చేశారు. అది అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్ళింది. సైనిక బడ్జెట్ డబ్బుతో స్టాప్‌వాచ్ పెట్టి పనివాళ్ళని కొలవకూడదని నిషేధం కూడా పడింది. అదే క్రోజియర్ ఇప్పుడు గాంట్‌ని పిలిచారు. స్టాప్‌వాచ్‌కి తలుపు మూసిన చోట చార్టుకి తలుపు తెరుచుకుంది.

అవసరం కూడా అలాంటిదే. తుపాకులు, తూటాలు, ఫ్యూజులు, ఒక్కోటీ ఒక్కో ఊళ్ళో తయారవుతున్నాయి. తూటా ఉంటే పెట్టె లేదు, పెట్టె ఉంటే రైలు లేదు. ఎన్ని ఆర్డర్లు ఇచ్చామో ఆఫీసుల్లో లెక్కలున్నాయి, ఎన్ని చేతికొచ్చాయో ఒక్క చోట చూసే వీలు లేదు. గాంట్ చార్టులు ఆ పని చేశాయి. తర్వాత ఓడల వంతు. సముద్రం మీద జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచేస్తుంటే, వాటి స్థానంలో కొత్తవి కట్టడానికి ఎమర్జెన్సీ ఫ్లీట్ కార్పొరేషన్ పెట్టారు. షిప్‌యార్డుల్లో పని ఎంత సాగిందో, ఉన్న ఓడలు రేవుల్లో ఎన్ని రోజులు ఊరికే పడి ఉంటున్నాయో గాంట్ మనుషులు గీతల్లో చూపించారు. రేవులో పడి ఉన్న ఓడని త్వరగా తిప్పితే కొత్త ఓడ కట్టినంత ఫలం. ఈ సంగతి అంకెల్లో కూడా ఉంది, కానీ ఎవరికీ కనబడలేదు. గీతల్లో కనబడింది. ఈ మొత్తం పనిలో ఎవరూ ఒక్కరే హీరో కాదు. వేరే వేరే ఆఫీసుల వాళ్ళు ఒకే కాగితం ముందు నిలబడి మాట్లాడుకోగలిగారు, అంతే. టీమ్ కొలాబరేషన్ అని మనం ఇప్పుడు అనేది ఇదే కదా.

యుద్ధం 1918 నవంబరులో ముగిసింది. మరుసటి ఏడు గాంట్ చివరి పుస్తకం, ఆర్గనైజింగ్ ఫర్ వర్క్ వచ్చింది. ఆ ఏడాదే 1919 నవంబరు 23న ఆయన కన్నుమూశారు. వయసు 58. తన పేరు మీద చార్టు ప్రపంచమంతా తిరగడం ఆయన చూడలేదు. 1922లో ఆయన దగ్గర పనిచేసిన వాలెస్ క్లార్క్ ఆ చార్టు మీదే ఒక పుస్తకం రాశారు. అది చాలా భాషల్లోకి వెళ్ళింది. ఇంకో సహచరుడు వాల్టర్ పొలకోవ్ 1929లో సోవియట్ రష్యాకి ఆ చార్టుల్ని తీసుకెళ్ళారు, మొదటి పంచవర్ష ప్రణాళికలో వాటిని వాడారు. ఒకే గీత పెట్టుబడిదారీ ఫ్యాక్టరీలోనూ పనికొచ్చింది, కమ్యూనిస్టు ఫ్యాక్టరీలోనూ పనికొచ్చింది. 1929లోనే గాంట్ పేరిట ఒక మెడల్ పెట్టి, మొదటిది ఆయనకే ఇచ్చారు, చనిపోయిన పదేళ్ళకి.

నిజం చెప్పాలంటే పట్టీలతో కాలాన్ని చూపడం గాంట్ సొంత ఆవిష్కరణేం కాదు. 1765లోనే జోసెఫ్ ప్రీస్ట్‌లీ గొప్పవాళ్ళ జీవితకాలాల్ని పట్టీలుగా గీసి ప్రచురించారు. పోలండ్‌లో కరోల్ ఆదమియెత్‌స్కీ అనే ఇంజనీరు 1896లోనే హార్మొనోగ్రామ్ అని దాదాపు ఇలాంటి చార్టు తయారు చేశారు. భాష అడ్డు రావడంతో బయట ప్రపంచానికి ఆలస్యంగా తెలిసింది. గాంట్ చార్టుకి ఒక లోటు కూడా ఉంది. ఈ పని ఆగితే ఏ పని ఆగుతుందో అది చెప్పదు. ఆ బాణాలు రావడానికి 1950ల చివర్లో పెర్ట్, సీపీఎం పుట్టేదాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్లలో పట్టీల మధ్య కనిపించే బాణాలు ఆ తర్వాత చేరినవే.

బాణాలు చేరాయి, రంగులు చేరాయి, లైవ్ ఎడిటింగ్ చేరింది. కానీ ఈ దారిలో ఒకటి జారిపోయింది. ఆ ఖాళీలో వేసే అక్షరం. ఇప్పటి టూల్సులో పని ఆలస్యమైతే పట్టీ ఎర్రగా మారుతుంది. పక్కన అసైనీ ఫొటో ఉంటుంది. చూసేవాడికి అందే సమాచారం ఏమిటంటే, ఫలానావాడు లేటు. ఎందుకు లేటన్నది పట్టీలో లేదు. మనలో చాలామంది ఇంకో ఏడాదిలో ఏ హైదరాబాదులోనో బెంగుళూరులోనో అలాంటి బోర్డు మీద ఒక ఫొటోగా మారబోతున్నాం. అందుకే ఇది నాకు చరిత్ర పాఠంలా అనిపించలేదు.

ఈ సెమిస్టర్లో మా ప్రాజెక్టు టీములో ఒక ప్రయోగం చేశాం. నలుగురం. మా సిస్టమ్ డయాగ్రమ్ గీశాక, ఒక్కో బాక్సు కింద గాంట్ పద్ధతిలో వారానికి ఒక గడి పెట్టాం. సన్న గీత, లావు గీత, ఖాళీ ఉంటే అక్షరం. అక్షరాలు మాకు మేమే తెలుగులో పెట్టుకున్నాం. అనుమతి రాలేదంటే అ. సామాను లేదంటే సా. నేర్చుకుంటున్నామంటే నే. ఇంకొకరి పని కోసం ఆగామంటే ఆ. బద్ధకానికి బ కూడా పెట్టాం, నిజాయితీగా వేసుకోవాలని ఒట్టు పెట్టుకుని. ఎనిమిది వారాలయ్యాక లెక్క చూస్తే మొత్తం 14 ఖాళీలు. అందులో బ 2. ఆ, నే కలిపి 5. మిగిలిన 7 అ, సా. టీములో ఒకడి బాక్సు ఎప్పుడూ వెనకే ఉండేది. అక్షరాలు లేకపోతే వాడు పని దొంగ అని మిగతా ముగ్గురం తేల్చేసేవాళ్ళం. వాడి గడుల్లో నాలుగు సార్లు అ ఉంది. జీపీయూ ఉన్న మెషీన్ వాడుకోడానికి పర్మిషన్ కోసం వాడు తిరిగిన తిరుగుళ్ళవి. రివ్యూ రోజున గైడ్ గారికి ఆ కాగితమే చూపించాం. వాదించాల్సిన పని పడలేదు. ఆయనే స్వయంగా వెళ్ళి సంతకం పెట్టించుకొచ్చారు.

నలుగురి ప్రాజెక్టు మీద పెద్ద సిద్ధాంతం కట్టలేం, నాకు తెలుసు. అక్షరం వేసేది కూడా మనిషే, అబద్ధమూ వేయొచ్చు. గాంట్ చార్టునే పనివాడి మెడ మీద కత్తిలా వాడిన యజమానులు ఉండే ఉంటారు, ఏ కొలబద్ద అయినా పట్టుకున్న చేతిని బట్టే. పైగా ఆ కొలబద్ద తయారు చేసిన మనిషి బానిసల యజమాని కొడుకు, కూలివాడి సమయాన్ని సెకన్లలో కోసిన గురువుకి శిష్యుడు. అయినా ఆ మనిషే తన గీతలు చూపిస్తున్నది ఒప్పుకుని, కింద ఉన్నవాడిని వదిలి పైనున్నవాడిని ప్రశ్న అడగడం నేర్చుకున్నారు. దానికి ఆయనకి పాతికేళ్ళు పట్టింది.

ఈసారి మీ టీము బోర్డు మీద ఒక పట్టీ ఎర్రబడితే, దాని పక్కనున్న ఫొటో వైపు చూసేముందు ఒక్క అక్షరానికి చోటివ్వండి. ఏ టూల్ అయినా ఫర్వాలేదు, టెక్స్ట్ బాక్సు లేని టూల్ నేనింకా చూడలేదు. రిపోర్టులో చార్టు కాపీ కొట్టే జూనియర్లకి కూడా ఇదే మనవి. పట్టీలు కాపీ కొట్టుకోండి. అక్షరాలు మాత్రం మీవి మీరే వేసుకోండి.